ఓణీల ఫంక్షన్‌కి వచ్చిన వాళ్ళకి

2019 జూన్‌లో మా ఇంటి ఫంక్షన్‌కి మీలో చాలామంది వచ్చారు. డాలస్ శివార్లలో బాంక్వెట్ హాలు, మూడొందల మంది, కంచి నుంచి తెప్పించిన పట్టు లంగా ఓణీ, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. పన్నెండేళ్ళ మా బిడ్డని పల్లకీలో తీసుకొచ్చారు. మీరు అక్షింతలు వేశారు, గోంగూర మటన్ అదిరిందన్నారు. పల్లకీ ఎక్కే ముందు ఆ బిడ్డ బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చిన సంగతి మీకు తెలీదు. నాకు తెలుసు. మేకప్ చెడిపోతోందని బయట నుంచి కేకలేశాను.

ఆ బిడ్డ ఇప్పుడు మా అబ్బాయి. 2021లో, పద్నాలుగో ఏట, నేను గిన్నెలు సర్దుతుంటే వెనక నిలబడి చెప్పాడు. పాత పేరు మీకు తెలుసు, ఇక్కడ రాయను. పుట్టిన దగ్గర్నుంచీ నేను పిలిచింది మాత్రం "ఏరా నాన్నా" అనే. మన ఇళ్ళల్లో ఆడపిల్లల్నీ అలాగే పిలుస్తాం కదా. ఆ పిలుపు ఒక్కటే మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

వెంటనే నమ్మానని చెప్పను. ఇంటర్నెట్ చూసి చెడిపోయాడన్నాను. ఫోన్ లాక్కున్నాను. తిరుపతి కొండకి మొక్కుకున్నాను. ఏడాదికి పైగా కౌన్సెలింగ్‌కి తిప్పాం. వాడు అదే మాట మీద ఉన్నాడు. నెలసరి వచ్చిన రోజుల్లో స్కూలు మానేసి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈడొచ్చిందని మూడొందల మందికి చాటాం. వచ్చిన ఈడు ఆ పిల్లవాడికి నరకంలా ఉందని తెలుసుకోవడానికి మాత్రం మాకు రెండేళ్ళు పట్టింది.

పిల్లల ఎండోక్రైనాలజిస్టు మొదటి రోజే మందు రాసివ్వలేదు. ఎముకల బలం గురించి, ముందుముందు పిల్లల్ని కనే అవకాశం గురించి, వైద్యులకే ఇంకా పూర్తిగా తెలియని విషయాల గురించి కూర్చోబెట్టి చెప్పారు. ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. 2022 చివర్లో ప్యూబర్టీ బ్లాకర్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఒంట్లో ఈడొచ్చే మార్పుల్ని కొంతకాలం ఆపి ఉంచే మందు అది. ఆ చలికాలం మా వాడు మళ్ళీ మాతోపాటు టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నాడు.

2023 జూన్‌లో టెక్సస్ గవర్నర్ ఎస్.బి. 14 మీద సంతకం చేశారు. సెప్టెంబర్ 1 నుంచి, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి జెండర్ మార్పు కోసం ఈ మందులు ఇవ్వకూడదు. ఇస్తే డాక్టరు లైసెన్సు పోతుంది. అప్పటికే వాడుతున్నవాళ్ళు మెల్లగా మానెయ్యాలి. అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది: వయసుకి ముందే ఈడొచ్చిన చిన్నపిల్లలకి ఇదే మందు ఇవ్వొచ్చు. అదే సూది, అదే డాక్టరు. అలాంటి పిల్లలకి దశాబ్దాలుగా ఇస్తూనే ఉన్నారు కూడా. "వాళ్ళది జబ్బు, మీ వాడిది కాదు" అంటారా? జబ్బో కాదో తేల్చాల్సింది పరీక్ష చేసిన డాక్టరా, ఆస్టిన్‌లో కూర్చుని మా వాడి మొహం కూడా చూడని శాసనసభ్యుడా?

ఆ తర్వాత మూడు నెలలకోసారి ఆల్బకర్కీ వెళ్ళేవాళ్ళం. 650 మైళ్ళు, పది గంటలు. పులిహోర కట్టుకుని, ఆఫీసులో ఏదో ఒక అబద్ధం చెప్పి వెళ్ళేవాళ్ళం. ఎందుకు అబద్ధమంటారా? 2022 ఫిబ్రవరిలోనే ఇలాంటి వైద్యం చేయించే తల్లిదండ్రుల మీద పిల్లల్ని హింసించారని విచారణ జరపమని గవర్నర్ ఆదేశించారు. కోర్టులు అడ్డుపడ్డాయి గానీ, గ్రీన్ కార్డు లైన్లో ఉన్న మాకు కాలింగ్ బెల్ మోగితే గుండె ఆగిపోయేది. అయినా మాకు సెలవులున్నాయి, కారుంది, క్రెడిట్ కార్డుంది. అవి లేని వాళ్ళ పిల్లల గతేమిటి?

"యూరప్‌లో కూడా ఆపేశారు చూడండి" అని మీలో కొందరు వాట్సాప్‌లో పంపుతుంటారు. చదివి పంపండి. స్వీడన్ 2022లో జాగ్రత్త పెంచింది. చెప్పింది అక్కడి ఆరోగ్య సంస్థ. ప్రత్యేక సందర్భాల్లో వైద్యానికి తలుపు తెరిచే ఉంచింది. బ్రిటన్‌లో 2024 నాటి హిలరీ కాస్ నివేదిక ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం కొత్తగా వచ్చే పిల్లలకి బ్లాకర్స్‌ని నిరవధికంగా ఆపింది. అది నాకు నచ్చలేదు. కానీ ఆ నివేదిక సైతం ఇంకా పరిశోధన జరగాలంది, ఈ పిల్లలకి మంచి వైద్యం అందాలంది. మరోపక్క అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2018లో ఈ వైద్యాన్ని సమర్థించి, 2023లో మళ్ళీ అదే చెప్పింది. తర్వాత పశ్చాత్తాపపడేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా వినాల్సిందే. డాక్టర్ల మధ్య తేడాలుంటే డాక్టర్లు తేల్చుకుంటారు, ఒక్కో పిల్లవాణ్ణి చూసి నిర్ణయిస్తారు. పోలిక లేకుండా అందరికీ ఒకటే తాళం వెయ్యడాన్ని జాగ్రత్త అనరు.

టెనెసీలో ఇలాంటి చట్టాన్నే అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6-3 తీర్పుతో నిలబెట్టింది. అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది గానీ, మంచి చట్టమని అనలేదు. ఆ మంచిచెడ్డలు ప్రజలకీ, వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళకీ వదిలేసింది. ప్రజలంటే ఎవరండీ? సిటిజన్‌షిప్ వచ్చిన రోజు జెండా పట్టుకుని ఫొటో పెట్టుకున్న మనం కాదా?

"ఇది అమెరికా జాడ్యం, మన వైపు ఇలాంటివి లేవు" అంది మా బంధువు ఒకావిడ. 1919లో, నిజాం కాలంలో, హైదరాబాద్ సంస్థానంలో వీళ్ళని అదుపు చెయ్యడానికి ఒక చట్టం తెచ్చారు. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. లేని మనుషుల మీద నిజాం చట్టం ఎందుకు చేస్తాడు? సిగ్నల్ దగ్గర చెయ్యి చాపితే మనం కారు అద్దం పైకెత్తేస్తామే, వాళ్ళూ ఒకప్పుడు ఎవరింట్లోనో పద్నాలుగేళ్ళ పిల్లలే. నలుగురూ ఏమనుకుంటారోనని ఆ ఇళ్ళు తలుపులేసుకున్నాయి.

మీరూ అంతే చేశారు. ఆ మూడొందల మందిలో ఇప్పుడు మా గడప తొక్కేది నాలుగు కుటుంబాలు. వాళ్ళని పిలిస్తే పిల్లలు అడుగుతారని పాట్‌లక్‌లకి పిలవడం మానేశారు. సరే. కానీ మీలో ఇద్దరు తల్లులు రాత్రి పదకొండు దాటాక, గరాజ్‌లో కారులో కూర్చుని నాకు ఫోన్ చేస్తారు. మొగుడికి వినపడకుండా గుసగుసగా మాట్లాడతారు. ఎవరో చెప్పను. ఒకరి బిడ్డకి పదమూడు, ఒకరి బిడ్డకి పదిహేను.

మా వాడికి 2025లో పద్దెనిమిది నిండాయి. ఇక్కడే డాలస్‌లో తన డాక్టర్ని తనే వెతుక్కున్నాడు. ఆ చట్టంతో మాకిక పని లేదు. ఆ ఇద్దరు తల్లుల కోసం రాస్తున్నాను. ఓటున్నవాళ్ళు మీ శాసనసభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి ఈ మాట అడగండి: మా పిల్లల వైద్యం మా ఇంటికీ డాక్టరుకీ ఎందుకు వదిలెయ్యరు? ఓటు లేనివాళ్ళు ఆ ఫార్వర్డులైనా ఆపండి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో ఫంక్షన్ రోజు పిల్ల బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడుస్తుంటే, మేకప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. తలుపు కొట్టి, ఎందుకు ఏడుస్తున్నావురా అని అడగండి. నేను అడగలేదు.