నోరున్నవారికే నాయకత్వమా?

నాయకత్వం పది పనుల మూట. జనాన్ని కదిలించడం ఒక పని, లెక్క తప్పకుండా రాయడం ఇంకో పని, పోట్లాడుకున్నవారిని ఒకచోట కూర్చోబెట్టడం మరో పని. ఒక్కోదానికి ఒక్కో స్వభావం అక్కరకొస్తుంది. అయినా ఊళ్లో గానీ ఆఫీసులో గానీ పెద్దరికం ఇవ్వాల్సి వచ్చినప్పుడు అందరి చూపూ ముందుగా గట్టిగా మాట్లాడేవారి మీదికే పోతుంది.

స్వభావాన్ని బట్టి మనుషులను విడదీసి చూడడం మనకు కొత్త కాదు. సత్వరజస్తమో గుణాలు, వాతపిత్తకఫ ప్రకృతులు అలా పుట్టినవే. ఆధునిక కాలంలో కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథంతో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన ప్రచారంలోకి వచ్చింది. దాని ఆధారంగా అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ మనుషులను 16 రకాలుగా పంచే ప్రశ్నావళిని తయారుచేశారు. కంపెనీల్లో దీని వాడకం ఎక్కువే, లోపమూ తక్కువేమీ కాదు. కొన్ని వారాల తర్వాత అదే మనిషి మళ్లీ జవాబులు రాస్తే చాలాసార్లు వేరే రకంలో తేలతాడు. నిజానికి ఎక్కువమంది ఈ కొసకూ ఆ కొసకూ నడుమన ఉండేవారే.

పరిశోధనలు మరో సంగతి కూడా చెబుతున్నాయి. బహిర్ముఖ స్వభావానికీ నాయకత్వానికీ సంబంధం ఉందని 2002లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. అయితే ఆ గుణం పదవి దక్కడానికి తోడ్పడినంతగా పదవిలో రాణించడానికి తోడ్పడదని కూడా అందులోనే ఉంది. అమెరికాలోని పిజ్జా దుకాణాల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. పనివారు సొంత చొరవ చూపేచోట తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మేనేజరే మెరుగైన ఫలితం సాధించాడు. పనివారు చెప్పిందాకా కదలనిచోట మాటకారి మేనేజరు నెగ్గాడు.

తిరుపతి దగ్గరి పుత్తూరుకు చుట్టుపక్కల ఉన్న మూడు ఊళ్ల చరిత్రలో ఇందుకు ఉదాహరణలు దొరుకుతాయి. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1923లో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టి ఓడిపోయారు. వాగ్ధాటికి కొదవలేదు గానీ పార్టీ రాజకీయం ఆయనకు అచ్చిరాలేదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయ్యాక అదే స్వతంత్ర బుద్ధి సంస్థకు బలమైంది. 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా పదవి వదిలేసినా, 1936లో తిరిగి వచ్చి 1949 వరకు కొనసాగారు. నడుమ ఐదేళ్లు ఆ పీఠం మీద కూర్చున్నది తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయనది తాత్వికుడి స్వభావం. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ పండితులు వాల్తేరులోని ఈ విశ్వకళాపరిషత్తుకు వచ్చింది ఆయన హయాంలోనే. పీఠం ఒకటే అయినా రెండు స్వభావాలు దాన్ని రెండు తీరుల నిలబెట్టాయి.

తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు కథ ఇంకో తీరు. కేంద్ర శాసనసభలో ఆయన ప్రశ్నల ధాటికి ఒక పత్రిక ఆయన్ను ‘ఎండెన్’ అంది. 1914లో మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ పేరది. అంతటి వాదకుడు 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకరుగా ఇరుపక్షాలకూ తూకం చూపాల్సిన కుర్చీలో కూర్చున్నారు. స్వభావం కుర్చీని ఎంతగా మలుస్తుందో, కుర్చీ కూడా మనిషిని అంతగా మలుస్తుంది. అందుకే పరీక్ష పెట్టి అంటించిన ముద్రను జీవితాంతపు తీర్పుగా తీసుకోకూడదు.

పెద్ద పదవుల సంగతి అటుంచితే, ఈ లెక్క రోజూ తేలేది మహిళల పొదుపు సంఘాల్లో. పుత్తూరు పట్టణంలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద, చుట్టుపక్కల పల్లెల్లో గ్రామీణ పేదరిక నిర్మూలన పథకం వెలుగు కింద ఇవి నడుస్తున్నాయి. పదిమంది సభ్యులుండే సంఘానికి ఇద్దరు లీడర్లు. బ్యాంకులో డబ్బు తీయాలంటే తీర్మానం రాయాలి, లీడర్లు సంతకాలు పెట్టాలి. సాధారణంగా నోరున్నామె మొదటి లీడరు, నాలుగు అక్షరాలు వచ్చినామె రెండో లీడరు అవుతారు. సంఘం కొత్తలో ఇది బాగానే సాగుతుంది. బ్యాంకు మేనేజరు ముందు జంకకుండా మాట్లాడేవారు అప్పుడు కావాలి.

చిక్కు వాయిదా తప్పిన నెలలో వస్తుంది. నూలు రాక ఒక ఇంట్లో మరమగ్గం ఆగిందనుకుందాం. కూలి పడలేదు, కంతు కట్టలేదు. మొదటి లీడరు వీధిలో నిలబడి అడిగితే ఆ ఇల్లాలు మరుసటి మీటింగుకే రాదు. ఎన్నడూ ముందు వరుసలో కూర్చోని సభ్యురాలొకామె సాయంత్రం వెళ్లి, గడప మీద కూర్చుని, మగ్గం సంగతి కనుక్కుని, ఈ నెల సగం, వచ్చే నెల మిగతాది అని ఒప్పించి వస్తుంది. సంఘం నిలిచింది ఈమె వల్ల. పుస్తకంలో మాత్రం ఈమె పేరు పదిమందిలో ఒకటిగానే ఉంటుంది.

కాబట్టి మనిషిని చూసి పని వెతకడం కన్నా పనిని చూసి మనిషిని వెతకడం మేలు. బ్యాంకుకు ఒకరు, పుస్తకానికి ఒకరు, తగవు తీర్చడానికి ఒకరు అని పనులు విడదీస్తే, మాటకారితనమూ నిదానమూ రెండూ చెల్లుబాటవుతాయి. నాయకత్వం వంతులవారీగా మారాలన్న పొదుపు సంఘాల పద్ధతికి అసలు ప్రయోజనం కూడా ఇదే. ఎవరిలో ఏముందో పని అప్పగిస్తేనే బయటపడుతుంది. లీడర్లను మార్చే రోజున సభ్యులు తీర్మానాల పుస్తకం తిరగేయాలి. అందులోకెక్కని పని ఎవరు చేశారో కూడా అడగాలి. కొత్త పేర్లు ఆ తర్వాతే రాయాలి.