మార్జాల విశ్వాసం – అహింసకు గీటురాయి

శ్రీవైష్ణవంలో శరణాగతిని బోధించడానికి మార్జాలకిశోర న్యాయం ప్రసిద్ధం. తల్లి పిల్లి నోట కరచుకొని తరలిస్తుంటే కూన ఏ ప్రయత్నమూ చేయదు, సర్వభారమూ తల్లిదే. తెంగలై ఆచార్యులు ఆదరించిన దృష్టాంతమిది. అయితే కాప్రా, సైనిక్‌పురి వీధులలో మనుష్యస్పర్శ ఎరుగక పెరిగిన పిల్లిని చేరదీయదలచినవారు ఈ న్యాయాన్ని తమకు అన్వయించుకోరాదు. బలవంతంగా ఎత్తుకున్నంత మాత్రాన ఎవరూ దానికి తల్లి కాజాలరు.

పుట్టిన రెండవ వారం నుండి ఏడవ వారం వరకు మానవ సాన్నిహిత్యం లభించని కూనకు మనిషి భయహేతువే. అది దాని దోషం కాదు, సంస్కారం. నిత్యం ఒకే వేళకు, ఒకే చోట ఆహారముంచి, దూరంగా కూర్చొని, చూపు మరల్చుకొని, చేయి చాచక వేచి ఉండాలి. నెలలు గడవవచ్చు. నిష్కామకర్మకు గృహస్థునికి ఇంతకన్న సమీపమైన అభ్యాసం ఏది?

శాకాహార గృహాలకు ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది. పిల్లి స్వభావతః మాంసాహారి. పెరుగన్నంతో దాని దేహం నిలువదు. తమ నియమాన్ని దానిపై రుద్దడం అహింస అనిపించుకోదు. తగిన ఆహారం పెట్టలేనివారు పెంపకానికి పూనుకోకపోవడమే సత్యనిష్ఠ. సంతాననిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా కూడా పోషకుని విధులే.

అహింస ప్రతిష్ఠితమైనవాని సన్నిధిలో వైరం శమిస్తుందని పతంజలి యోగసూత్రాలలోని సాధనపాదం 35వ సూత్రం చెబుతుంది. ఆ స్థితి తనకు కలిగినదని సాధకుడు స్వయంగా ప్రకటించుకోజాలడు. గుమ్మం వద్ద నిర్భయంగా నిద్రించే పిల్లియే అందుకు సాక్షి. అది ఎన్నటికీ ఒడి చేరకపోయినా పెట్టిన అన్నం వ్యర్థం కాదు.