చివరిగా విప్పినది ఏది?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి తెలుగు మాట కొత్తది కాదు. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగా పూర్తయిన తరువాత, ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన కార్మిక కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా పనిచేస్తున్నాయి. 2003 నుండి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. కోర్బా బొగ్గు ఈ పట్టాల మీదుగానే దూర ప్రాంతాలకు పోతున్నది. పట్టాకు గాయమైతే పనిముట్లతో, మనుషులతో పరుగెత్తవలసినది మరమ్మతు లారీ. అటువంటి లారీ ఒకటి ఒక తెల్లవారుజామున కదలలేదు. ఆ ఉదంతాన్ని పాఠకుల ముందు ఉంచడం మా విధి అని భావిస్తున్నాము.

డిపో పేరు ఇక్కడ అప్రస్తుతం. అక్కడి మోటారు మెకానిక్ పదవీ విరమణ చేసిన తరువాత ఆ స్థానం భర్తీ కాలేదు. లారీ స్టార్టర్ మొరాయించసాగింది. "ఎట్లాగైనా బండిని నడిపించండి" అని పైఅధికారి నోటిమాటగా ఆదేశించారు. నలుగురు కార్మికులు డ్యూటీ ముగిసిన పిమ్మట, తమ జేబులోని డబ్బుతో పనికి పూనుకున్నారు. స్టార్టర్ విప్పి బజారులో బ్రష్షులు మార్పించారు. డీజిల్ ఫిల్టరు కొత్తది వేశారు. చాసిస్‌కు పట్టిన తుప్పు గోకి రంగు కూడా పూశారు. అప్పటికే పొద్దుపోయినందున బండిని నడిపి చూడలేదు. తెల్లవారుజామున పిలుపు వచ్చినప్పుడు బండి కదలలేదు. పనిముట్లు అద్దె వాహనంలో, ఆలస్యంగా వెళ్లాయి. ఆ అద్దె మీ జీతాల నుండి ఎందుకు రాబట్టరాదో సంజాయిషీ ఇవ్వవలసినదిగా ఆ నలుగురికీ మెమోలు అందాయి.

మేము అక్కడికి వెళ్లినప్పుడు పదవీ విరమణ చేసిన వృద్ధ డ్రైవరు ఒకరు మాతో వచ్చారు. ఆయన బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న అడిగారు: "చివరిగా ఏమేమి విప్పారు?" మరమ్మతు చేసిన వెంటనే బండి కదలకపోతే, దోషాన్ని ముందు ఆ మరమ్మతులోనే వెదకవలెనన్నది ఆయన సూత్రం.

తాళం తిప్పితే దీపాలు బాగానే వెలిగాయి, హారన్ మ్రోగింది. స్టార్టర్ మాత్రం టక్కుమని ఊరుకున్నది. పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండూ నిండుగానే ఉన్నాయి. అనగా కరెంటు ఉన్నది, స్టార్టర్ ద్వారా తిరిగి వచ్చే దారి లేదు. ఇంజనును చాసిస్‌కు కలిపే ఎర్తు పట్టీని కొత్త రంగు మీదనే బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు. లోహం మెరిసేదాకా గోకి బిగించగానే స్టార్టర్ గిర్రున తిరిగింది. అయినా ఇంజను అందుకోలేదు. ఫిల్టరు మార్చినప్పుడు డీజిల్ గొట్టంలోకి గాలి చేరింది. ఫిల్టరు తలపై ఉన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయి శుద్ధమైన డీజిల్ వచ్చేదాకా ఆగి తిరిగి బిగించారు. ఈసారి ఇంజను అందుకున్నది. ఒక్క రూపాయి సామాను కొనవలసిన అవసరం కలుగలేదు.

అయితే హెచ్చరిక కూడా అవసరం. ఈ పద్ధతి పాత తరహా పంపులకు వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల డీజిల్ లారీలలో అధిక పీడనపు గొట్టాలను వదులు చేయరాదు. ఆ ధార చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచకుండా ఏ బండి కిందికీ దూరరాదు. స్క్రూడ్రైవరుతో స్టార్టరును తాకించే అలవాటు ప్రాణాంతకం. బండి గేరులో ఉంటే ముందున్న మనిషి మీదికే వస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీగను ముందు విప్పి, చివర బిగించవలెను.

ఇక అసలు విషయానికి వద్దాం. నిర్లక్ష్యం వలన గాని, ఉత్తర్వుల ఉల్లంఘన వలన గాని కలిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టే అధికారం 1968 నాటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నియమావళిలోని 6వ నియమంలో ఉన్నది. తపాలా ఉద్యోగులకు 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల నియమావళిలోని 11వ నియమం అదే చెబుతున్నది. మెకానిక్ లేని చోట, తమ పని కానిదానిని సొంత సొమ్ముతో తలకెత్తుకోవడం నిర్లక్ష్యమా? వృద్ధ డ్రైవరు ప్రశ్ననే మేము యాజమాన్యాన్ని అడుగుతున్నాము: చివరిగా తీసివేసినది ఏది? ఆ డిపో నుండి తీసివేయబడినది మెకానిక్ ఉద్యోగం. దోషాన్ని అక్కడ వెదకక నలుగురి జీతపు సంచిలో వెదకడం గర్హనీయం.

మన లోపాన్ని కూడా దాచరాదు. నోటిమాట ఆదేశానికి కాగితం లేదు. విప్పిన వస్తువుల జాబితా లాగ్‌బుక్కులో లేదు. నడిపి చూడకుండానే బండిని సిద్ధంగా ఉన్నదన్నారు. మంచితనం మంచిదే, కాని ఫైలులో దానికి చోటు లేదు. మెయిల్ మోటార్ సర్వీసులోని తపాలా సోదరులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

కావున సభ్యులందరికీ మా విజ్ఞప్తి: పరిచయం లేని మరమ్మతు చేయమన్నప్పుడు వ్రాతపూర్వక ఉత్తర్వు కోరండి. విప్పినది, బిగించినది తేదీతో సహా నమోదు చేయండి. నడిపి చూడకుండా బండిని అప్పగించకండి. మెమో అందిన రోజే శాఖా కార్యదర్శిని కలవండి. ఖాళీగా ఉన్న మెకానిక్ స్థానాల వివరాలు శాఖల వారీగా మాకు పంపండి.

ఆ నలుగురి సమాధానాలు అధికారులకు చేరాయి. నిర్ణయం ఇంకా వెలువడలేదు. వారి జీతంలో ఒక్క రూపాయి కోత పడినా అప్పీలుతోనే ఆగము. ఆ ఖాళీ స్థానాన్ని డివిజన్ స్థాయి చర్చలలో మొదటి అంశంగా నిలుపుతాము.