తాగిన సంగతి మా దగ్గర దాచకండి

కొన్నేళ్ల కిందటి మాట. నైట్ డ్యూటీలో ఉండగా తెల్లవారుజామున ఒక తాపీమేస్త్రీని తీసుకొచ్చారు. వాంతులు, కడుపునొప్పి. ‘రాత్రి ఏం తిన్నాడు?’ అంటే ‘బిర్యానీ’ అన్నారు. ‘మందు తాగాడా?’ అంటే భార్య, తమ్ముడు ఇద్దరూ లేదన్నారు. ఫుడ్ పాయిజనింగ్ అనుకుని సెలైన్ పెట్టాం. మధ్యాహ్నానికి ‘కళ్ల ముందంతా తెల్లగా, పొగమంచులా ఉంది సార్’ అన్నాడు. అప్పుడు తమ్ముడు నన్ను పక్కకు పిలిచి నిజం చెప్పాడు. వెంటనే డయాలసిస్ చేయించాం. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు.

‘మా ఇంట్లో సారా తాగేవాళ్లు లేరు’ అని మీరనుకోవచ్చు. మీ డ్రైవర్, వాచ్‌మన్, పనిమనిషి భర్త సంగతేమిటి? పెళ్లి పార్టీకి ‘డ్యూటీ ఫ్రీ సరుకు, సగం ధరకే’ అంటూ ఎవరో తెచ్చిచ్చిన సీసా మాటేమిటి? పేరున్న లేబుల్ వెనుక కూడా దొంగ సరుకు ఉండొచ్చు.

ఈ దొంగ వ్యాపారం చరిత్ర పాతదే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమలైంది. పరిశ్రమల కోసం తయారయ్యే ఆల్కహాల్‌ను జనం తాగకుండా అందులో మిథనాల్ లాంటి విషాలు కలిపేవారు. స్మగ్లర్లు దాన్నే దొంగిలించి, పైపైన శుద్ధిచేసి అమ్మారు. ఎందరో చనిపోయారు, చూపు పోగొట్టుకున్నారు.

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పక్క రాష్ట్రాల నుంచి సీసాలు, ఊళ్లలో బెల్లం ఊటతో నాటుసారా బట్టీలు కూడా వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఆ తల్లుల పోరాటం న్యాయమైనదే. కానీ దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం మాయం కాదు. 2020లో కరోనా వేళ ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది.

మిథనాల్ రంగు, వాసన మామూలు ఆల్కహాల్‌లాగే ఉంటాయి. చూసి గుర్తుపట్టలేం. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటినరాన్ని, మెదడును దెబ్బతీస్తుంది. దీనికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే ‘రాత్రి తాగింది పొద్దున దిగిపోయిందిలే’ అనుకుంటారు. తాగిన మర్నాడు వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, చూపు మసకబారడం ఉంటే అది హ్యాంగోవర్ అనుకోవద్దు. మజ్జిగ, నిమ్మరసం ఇస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. సీసా మిగిలి ఉంటే వెంట తీసుకురండి. కలిసి తాగినవాళ్లు బాగానే ఉన్నామన్నా వారినీ తీసుకురండి. త్వరగా వస్తే విషం ఆమ్లంగా మారకుండా ఆపే విరుగుడు మందులున్నాయి, డయాలసిస్ ఉంది.

‘పోలీసు కేసవుతుందేమో’ అని చాలామంది భయం. నిజమే, ఇలాంటి కేసులను మేం పోలీసులకు తెలియజేయాలి. కానీ వైద్యం దానికోసం ఆగదు. ఏం తాగాడో తెలిస్తే మాకు మందు తెలుస్తుంది, అంతే.

బట్టీలు పగలగొట్టడం, స్మగ్లర్లను పట్టుకోవడం ప్రభుత్వం పని. అది గట్టిగా జరగాల్సిందే. తాగుడు మానలేకపోవడం జబ్బని గుర్తించి డీఅడిక్షన్ వైద్యానికి తీసుకెళ్లడం మాత్రం కుటుంబం పని. ఆ మేస్త్రీ భార్య అబద్ధం చెప్పింది భర్తను కాపాడుకోవాలనే. పరువు పోతుందని ఆమె భయపడింది. తాగాడని తెలిస్తే ఈసడించుకునే మనమే ఆమెకు ఆ భయం నేర్పాం. మీ ఇంట్లోగానీ, మీ దగ్గర పనిచేసేవారి ఇంట్లోగానీ అలాంటి రాత్రి వస్తే ముందు తిట్టకండి, ఆసుపత్రికి తీసుకురండి.