పక్క కట్టు

నిరుడు వినాయక చవితికి మా కంప్లి వీధి పిల్లలు వేసిన పందిరి, తుంగభద్ర మీదనుంచి వీచిన గాలికి ఒక పక్కకు ఒరిగిపోయింది. దెబ్బలు తగల్లేదు, అదృష్టం. "గుంజలు గట్టివే కదా మామా, ఎందుకు ఒరిగింది?" అని పక్కింటి పాప అడిగింది. డెబిట్టు, క్రెడిట్టు అయితే చెప్పేవాణ్ణి. నేను చదివింది బీకాం!

జవాబు అగ్గిపుల్లల్లో దొరికింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమంలో పనిచేస్తూ కనిపెట్టిన ఆట అది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కావలసిందల్లా మందు గీకేసిన పుల్లలు, వాటిని కలపడానికి సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు.

ఆదివారం మా వసారాలో పిల్లలు నాలుగు పుల్లలతో చదరం కట్టారు. వేలితో తోస్తే ఒరిగింది, అచ్చం మా పందిరిలాగే. మూడు పుల్లల త్రిభుజం మాత్రం కదల్లేదు. మూడు భుజాల పొడవు మారనంతకాలం కోణాలూ మారవు. నాలుగు భుజాలకు ఆ కట్టుబాటు లేదు. చదరానికి మూల నుంచి మూలకు చీపురుపుల్ల వేశారు (అగ్గిపుల్ల పొడవు చాలలేదు). బిగుసుకుంది.

ఈ ఏడు పందిరికి మూడు వైపులా ఏటవాలు బొంగులు కట్టారు. "ముందు కూడా కడితే జనం ఎట్లా వస్తారు?" అన్నారు పెద్దలు. పాప పై మూలల్లో పొట్టి బొంగులు కట్టించింది. గుంజ పట్టుకుని నేనే ఊపి చూశాను.

ఇప్పుడు ఏటి పుట్టి గుండ్రంగా ఎందుకుందని అడుగుతోంది. వచ్చే సంచిక దాకా గడువు తీసుకున్నాను.