చాంపియన్‌కి తీర్పు చెప్పేదెవరు?

2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్‌లో స్వర్ణం కొట్టాక ఈ పేకాట గురించి మనవాళ్లూ మాట్లాడారు. మరి ఇందులో అంపైర్ ఉంటారని తెలుసా? ఆయన్ని డైరెక్టర్ అంటారు. చిన్న క్లబ్బుల్లో చాలాసార్లు ఊరికే, ఇష్టం కొద్దీ ఆ పని చేసే సభ్యుడే.

చిక్కల్లా ఏంటంటే, టేబుల్ దగ్గరున్నాయన డైరెక్టర్ కంటే పెద్ద ఆటగాడు కావచ్చు. 'నాకే చెప్తావా?' అన్నట్టు చూస్తాడు. అయినా సరే, తప్పు జరిగిందని ఎవరైనా అనగానే డైరెక్టర్ని పిలవాల్సిందే. వాళ్లలో వాళ్లు సర్దుకోకూడదు.

చేతిలో ఇస్పేటు ఉండగా వేరే రంగు వేశారనుకోండి, తేలికే. పుస్తకం తెరిచి చూసి చెప్పేస్తారు. కానీ భాగస్వామి చాలాసేపు ఆలోచించి 'పాస్' అన్నాడు, ఆ తటపటాయింపు పసిగట్టి ఇవతలాయన బిడ్ పెంచాడని ఫిర్యాదొస్తే? అప్పుడు డైరెక్టర్ అదే స్థాయి ఆటగాళ్లు కొందరికి అవే ముక్కలు చూపించి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఇందులో నామోషీ ఏం లేదు, పద్ధతే అది.

తీర్పే తప్పని తేలితే? దానికీ 82వ నియమం ఉంది. ఆ ఆటని మామూలుగా లెక్కకట్టే వీల్లేకపోతే, రెండు జట్లనీ తప్పు చేయనివాళ్లుగా చూసి స్కోరు సరిచేయాలి.

రూలు చూడటం, తెలిసినవాళ్లని అడగటం, పొరపాటైతే దిద్దుకోవడం. డైరెక్టర్ మాటకి బలం ఇదే. రేపు గల్లీ క్రికెట్లో అంపైరింగ్ మీ నెత్తిన పడితే గుర్తుపెట్టుకోండి!