చింతపిక్క చెప్పిన లెక్క



సాయంత్రం బోరు నుంచి వంటగదికి నీళ్లు ఎవరు మొయ్యాలో మనం చింతపిక్క వేసి తేల్చుకుంటున్నాం. ఒకవైపు రాతిమీద అరగదీసిన పిక్క అది. తెలుపు పడితే ఒకటో గది, నలుపు పడితే మా రెండో గది. ఎక్కువసార్లు బిందెలు మా నెత్తికే వస్తున్నాయి. "మీ అదృష్టం బాగోలేదురా" అని అందరూ నవ్వుతున్నారు.

మొన్న లెక్కల క్లాసులో సంభావ్యత పాఠం విన్నాం. నాణెం ఎగరేస్తే బొమ్మ, బొరుసు రెండే ఫలితాలు, కాబట్టి బొమ్మకి 1/2. ఇది ఆలోచించి చెప్పే సైద్ధాంతిక సంభావ్యత. పిక్కకీ రెండే వైపులు కదా, దానికీ సగమే అనుకున్నాం. నాకు మాత్రం అనుమానం పోలేదు.

ఆదివారం నేనూ, ఇద్దరు మిత్రులూ అదే పిక్కని 200 సార్లు వేసి, పలకమీద గీతలు పెట్టాం. మొదటి 10 సార్లలో తెలుపు 6 పడింది. అక్కడే ఆపేస్తే ఒకటో గదికే అన్యాయం జరుగుతోందనుకునేవాళ్లం! 200 అయ్యేసరికి తెలుపు 74, నలుపు 126. అంటే నలుపుకి 0.63. ఇలా వేసి చూసి లెక్కకట్టేది ప్రాయోగిక సంభావ్యత.

మరి పాఠం తప్పా? కాదు. రెండు ఫలితాలకీ సమాన అవకాశం ఉంటేనే సగం అనాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్క్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితవేత్త నాణేన్ని 10,000 సార్లు ఎగరేస్తే బొమ్మ 5,067 సార్లు పడింది. సరిగ్గా సగం కాకపోయినా సగానికి దగ్గరే. నాణేనికి రెండు వైపులూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. మన పిక్క ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. దానికి సగం అని వెయ్యకుండానే ఎలా చెప్తాం?

ఒకటో గదివాళ్లు మోసం చేశారని నేననడం లేదు. ఆ పిక్కని అరగదీసింది మేమే! మా అదృష్టం కాదు, పిక్కే బాగోలేదు.

అందుకే నా మనవి. మాస్టారూ, సూత్రం బోర్డుమీద రాసేముందు ఒక పీరియడ్ మాచేత నాణేలు, పిక్కలు వేయించండి. పది సార్లతో ఆపనివ్వకండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాస్తే తేడా ఎందుకొచ్చిందో మేమే అడుగుతాం. వార్డెన్ సార్, నీళ్లకి రోజు విడిచి రోజు వంతులు పెట్టండి. లేదా పిక్క బదులు రూపాయి బిళ్ల ఎగరేయిద్దాం.

తప్పు రాస్తే సరిదిద్దండి. పిక్క నా పెట్టెలోనే ఉంది, ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

— 8వ తరగతి, రెండో గది